బర్డ్ ఫ్లూ కోళ్ళ నుంచి పశువులకి, పిల్లులకి, మనుషులకి ఎప్పుడు పాకుతుంది? అడిగినావిడకి నా సమాధానం

అమ్మా, మీరు అడిగింది పెద్ద ప్రశ్న, అందుకని ముందు దాన్ని రెండు ముక్కల్లో పెట్టి మొదలుపెడతాను. మీ అత్తగారు ఊళ్ళో ముప్పై దాకా నాటుకోళ్ళు పెంచుతారు, రెండు గేదెలున్నాయి, ఒక పిల్లి ఉంది, ఇంట్లో నాలుగేళ్ళ బాబు, ఏటా మాసూళ్ళయ్యాక మీ చేలో బాతులవాళ్ళు మంద దింపుతారు. బర్డ్ ఫ్లూ అంటే కోళ్ళ జబ్బు కదా, మరి అమెరికాలో ఆవులకి ఎలా వచ్చింది, నాగపూర్‌లో పులులు ఎలా చచ్చిపోయాయి, మనకి ఏ పరిస్థితుల్లో వస్తుంది, భయంగా ఉంది కోళ్ళన్నీ అమ్మేయమంటారా అన్నారు.

అమ్మక్కర్లేదండి. ముందు ఆ మాట చెప్పేస్తే మీరు మిగతాది స్థిమితంగా చదువుతారు. నేను పశువైద్యుడిగా 31 ఏళ్ళు పనిచేశాను, ఎక్కువ కాలం గోదావరి జిల్లాల్లోనే, కోళ్ళ షెడ్లలో, గేదెల పాకల్లో, పందుల దొడ్ల దగ్గర తిరిగినవాణ్ణి. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే, జనం భయపడేది ఒకచోట, ప్రమాదం ఉండేది ఇంకోచోట. న్యూస్ రాగానే అందరూ ఉడికిన కూర మానేస్తారు, కానీ చచ్చిపోతున్న కోడిని పిల్లాడి ముందే కూర్చుని ఈకలు పీకడం మాత్రం మానరు.

మొదట్నించీ చెప్తాను. ఇన్‌ఫ్లుయెంజా ఏ అనే ఈ వైరస్‌కి పుట్టిల్లు కోడి కాదండి, నీటిపక్షులు. అడవి బాతులు, నీళ్ళ మీద బతికే ఇంకా చాలా రకాల పక్షులు. వాటి పేగుల్లో ఇది ఎన్ని తరాల నుంచో ఉంటోంది, మామూలు రకాలైతే వాటికి పెద్దగా జబ్బు కూడా చేయదు, రెట్టలో బయటికి వచ్చి నీళ్ళలో కలుస్తుంది. ఈ వైరస్ రకాల్ని దాని పైన ఉండే హెచ్, ఎన్ అనే రెండు ప్రోటీన్ల అంకెలతో పిలుస్తారు, హెచ్1 నుంచి హెచ్16 దాకా, ఎన్1 నుంచి ఎన్9 దాకా పక్షుల్లోనే దొరికాయి, హెచ్17, హెచ్18 మాత్రం గబ్బిలాల్లో. చలికాలం వచ్చేసరికి సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి పక్షులు మన కొల్లేరుకి, పులికాట్‌కి దిగుతాయి కదా, చల్లటి నీళ్ళలో ఈ వైరస్ చాలా రోజులు బతుకుతుంది, ఎండలో ఎండిపోయిన చోట తొందరగా చస్తుంది. 2024లో నెల్లూరు జిల్లాలో, 2025లో ఉభయ గోదావరుల్లో కోళ్ళు చచ్చిపోయింది రెండుసార్లూ ఫిబ్రవరిలోనే. అలాగని వలస పక్షుల్ని తిట్టుకోకండి, అవి తెచ్చి పడేసేది ఒక నిప్పురవ్వ, దాన్ని మంట చేసేది మనం పేర్చి పెట్టుకున్న గడ్డి. ఫారంలో వేల కోళ్ళు ఒకే వయసువి, ఒకే జాతివి, రెక్కకి రెక్క తగిలేలా ఉంటాయి, వైరస్ ఒక దాంట్లో దూరితే పక్కది రెడీగా ఉంటుంది. హెచ్5, హెచ్7 రకాలు కొన్ని అడవి బాతుల్లో సాధువుగా ఉండి, కోళ్ళ షెడ్లలో గుంపులోంచి గుంపులోకి తిరిగి తిరిగి ప్రాణాలు తీసే రకంగా మారిపోతాయి. అంటే ఆ ముదరడం జరిగేది ఎక్కువగా మన షెడ్లలోనే.

ఇప్పుడు ఒక జీవి నుంచి ఇంకో జీవికి ఎందుకు అంత తేలిగ్గా రాదో చెప్తాను, ఇది తెలిస్తేనే ఎప్పుడు వస్తుందో తెలుస్తుంది. వైరస్ పైన చిన్న కొక్కేల్లాంటివి ఉంటాయి, హెచ్ అనేది ఆ కొక్కెమే. అది కణం మీద ఉండే ఒక రకం చక్కెర గొలుసుకి తగులుకుంటేనే లోపలికి పోగలదు. పక్షుల పేగుల్లో ఆ గొలుసు ఒక వంపు తిరిగి ఉంటుంది, మన ముక్కులో గొంతులో ఇంకో వంపు. అందుకే కోడి వైరస్ మన ముక్కులో పట్టు దొరక్క జారిపోతుంది. కానీ మన ఊపిరితిత్తుల అడుగున, కళ్ళ పొరల మీద పక్షి రకం గొలుసులు కొన్ని ఉన్నాయి, కాబట్టి వైరస్ ఎక్కువ మోతాదులో లోతుగా పోయినా, కంట్లో చింది పడినా పట్టుకోవచ్చు. రెండోది వేడి. కోడి ఒంటి వేడి 41, 42 డిగ్రీలు, మన ముక్కులో 33 దగ్గర ఉంటుంది, అంత వేడికి అలవాటుపడ్డ వైరస్ చల్లటి చోట సరిగ్గా పెరగలేదు, దానికి లోపల ఒకటి రెండు మార్పులు రావాలి. ఒక మనిషిలోకి వచ్చినంత మాత్రాన కూడా సరిపోదు, ఆ మనిషి దగ్గితే పక్కవాడికి అంటేలా తయారవ్వాలి. ఇప్పుడు వార్తల్లో బర్డ్ ఫ్లూ అంటున్న హెచ్5ఎన్1 ఇప్పటిదాకా ఆ చివరి మెట్టు ఎక్కలేదు. 2003 నుంచి ప్రపంచం మొత్తమ్మీద డబ్ల్యూహెచ్ఓ లెక్కలోకి వచ్చిన మనుషుల కేసులు 900 పైన, అందులో దాదాపు సగం మంది చనిపోయారు, అయినా అది మనుషుల్లో గొలుసుకట్టుగా పాకలేదు.

కాబట్టి రిస్క్ ఎక్కడుందని నన్నడిగితే నేను చూసేవి ఇవి, ఎంత వైరస్ ఉంది, ఎంత దగ్గరగా తగిలింది, ఎన్నిసార్లు తగిలింది, ఎన్ని రకాల జీవులు ఒకే కప్పు కింద ఉన్నాయి, ఎన్నాళ్ళు ఎవరూ గమనించకుండా నడిచింది. ప్రతి తగులూ వైరస్‌కి ఒక ప్రయత్నం అనుకోండి, లక్షసార్లు ప్రయత్నిస్తే ఎప్పుడో ఒకసారి సరైన మార్పు పడుతుంది, మన పని ఆ ప్రయత్నాల సంఖ్య తగ్గించడం.

హాంగ్‌కాంగ్ సంగతి వినే ఉంటారు. 1996లో చైనా గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెంపుడు బాతుజాతి పక్షిలో, అదే గూస్‌లో, ఈ హెచ్5ఎన్1 రకం దొరికింది. 1997కి హాంగ్‌కాంగ్‌లో 18 మందికి వచ్చింది, ఆరుగురు చనిపోయారు. ఆ ఏడాది చివర్లో అక్కడ ఉన్న కోళ్ళన్నిట్నీ, పది లక్షలకి పైనే, చంపేశారు, దాంతో ఆగింది. ఎక్కడ పెరిగిందో చూస్తే బతికున్న కోళ్ళని అమ్మే మార్కెట్లలో. కోడి, బాతు, కంజుపిట్ట, గూస్ అన్నీ బోను మీద బోను పేర్చి, పైదాని రెట్ట కిందదాని మీద పడుతూ, పొద్దున అమ్ముడుపోనివి రాత్రికి అక్కడే ఉండిపోయి మర్నాడు కొత్తగా వచ్చిన లోడుకి అంటిస్తాయి. అంటే ఆ మార్కెట్టు ఏ రోజూ ఖాళీ అవ్వదు, వైరస్ చనిపోయే టైమ్ దొరకదు. తర్వాత అక్కడ నెలకోసారి మార్కెట్ మొత్తం ఖాళీ చేసి కడిగే రోజు పెట్టారు, రాత్రి కోళ్ళు ఉంచకూడదన్నారు, వైరస్ బాగా తగ్గింది. మన ఊళ్ళ చికెన్ షాపుల్లో కూడా చూడండి, ఇనుప బోను ఎప్పుడైనా పూర్తిగా ఖాళీ అవుతుందా? వారానికి ఒక్కరోజు ఖాళీ చేసి కడిగి ఎండబెడితే ఎంత తేడా వస్తుందో నేను చాలామంది షాపువాళ్ళకి చెప్పాను, విన్నవాళ్ళు ఉన్నారు.

చైనాలోనే 2013లో హెచ్7ఎన్9 అని ఇంకోటి వచ్చింది, నాకు అది ఎక్కువ భయం కలిగించింది ఎందుకంటే కోళ్ళు చావలేదు. కోడి చక్కగా తింటుంది, గుడ్డు పెడుతుంది, లోపల వైరస్ మోస్తుంది, మనిషి ఆస్పత్రిలో చేరాక గానీ తెలియదు. 1,500 మందికి పైగా జబ్బు పడ్డారు, పదిమందిలో నలుగురు దాకా పోయారు. చివరికి 2017లో అక్కడి కోళ్ళకి టీకాలు వేయడం మొదలుపెట్టాకే అది అణిగింది. మన కోళ్ళలో అలా చడీచప్పుడు లేకుండా తిరిగేది హెచ్9ఎన్2. గుడ్లు తగ్గుతాయి, కాస్త గురక వస్తుంది, అంతే, ఎవరూ పట్టించుకోరు. కానీ 1997 వైరస్‌కి, 2013 వైరస్‌కి రెండిటికీ లోపలి జన్యుముక్కలు ఇచ్చింది ఈ హెచ్9ఎన్2 కుటుంబమే. మన దేశంలో 2019లో మహారాష్ట్రలో ఒక పసిబిడ్డకీ, 2024లో వార్తల్లోకొచ్చిన పశ్చిమ బెంగాల్ బిడ్డకీ వచ్చింది ఇదే, అదృష్టవశాత్తూ ఇద్దరూ కోలుకున్నారు.

జన్యుముక్కలు అన్నాను కదా, అది కాస్త చెప్పాలి. ఈ వైరస్ జన్యువు ఒకే తాడులా ఉండదు, ఎనిమిది ముక్కలు. ఒకే జంతువులో రెండు రకాల ఫ్లూలు ఒకేసారి దూరాయనుకోండి, బయటికి వచ్చేటప్పుడు ఆ ముక్కలు కలగాపులగం అయిపోతాయి, దీనివి మూడు దానివి ఐదు అలా. ఇక్కడే పంది వస్తుంది, దాని శ్వాసనాళంలో పక్షి రకం గొలుసూ మనిషి రకం గొలుసూ రెండూ ఉంటాయి. 2009లో స్వైన్ ఫ్లూ అలాగే పుట్టింది, పందుల్లో ఎన్నేళ్ళో తిరుగుతూ పక్షి ముక్కలు, మనిషి ముక్కలు, ఉత్తర అమెరికా పంది ముక్కలు, యూరప్ ఆసియా పంది ముక్కలు అన్నీ ఒకచోట చేరి, మెక్సికోలో బయటపడి నెలల్లో ప్రపంచమంతా చుట్టింది, మన హైదరాబాద్‌లో కూడా ఆ ఏడాది మాస్కులు కట్టుకుని తిరిగాం గుర్తుందా. అంతకు ముందు 1957లో, 1968లో వచ్చినవి కూడా మనిషి ఫ్లూకి పక్షి ముక్కలు అతుక్కుని వచ్చినవే. ఇంకో సంగతి జనం పట్టించుకోనిది, పందికి ఫ్లూ అంటించేది చాలాసార్లు మనమే. జలుబు జ్వరంతో ఉన్న మనిషి దొడ్లోకి వెళ్ళి మేత వేస్తే పందికి పట్టుకుంటుంది. అమెరికాలో 2012 వేసవిలో ఊరి జాతర లాంటి పశుప్రదర్శనల్లో పందుల నుంచి 300 మందికి పైగా ఫ్లూ అంటింది, ఎక్కువ మంది పిల్లలే, తాము పెంచిన పందుల్ని ప్రదర్శనకి తెచ్చి రోజులకొద్దీ పక్కనే కూర్చున్న పిల్లలు. అందుకే పందులు పెంచేవాళ్ళకి, కోళ్ళఫారంలో పనిచేసేవాళ్ళకి మామూలు సీజన్ ఫ్లూ టీకా వేయించుకోమని నేను పట్టుబట్టి చెప్తాను. అది బర్డ్ ఫ్లూని ఆపదు, కానీ ఒకే ఒంట్లో రెండు ఫ్లూలు కలిసే అవకాశం తగ్గిస్తుంది.

మరి ఆవులు. నిజం చెప్పాలంటే మా వృత్తిలో ఎవరూ ఊహించలేదండి. ఇన్‌ఫ్లుయెంజా ఏ ఆవులకి జబ్బుగా మేము చదువుకోలేదు. 2024 మార్చి చివర్లో టెక్సాస్, కాన్సాస్ డెయిరీల్లో హెచ్5ఎన్1 అని తేలింది, పాలు చిక్కగా పసుపుగా మారి జున్నుపాలలా రావడం, మేత తగ్గడం. ఊపిరితిత్తుల్లో వెతికితే పెద్దగా లేదు, పొదుగులో ఉంది. పొదుగు కణాల మీద ఆ గొలుసులు బోలెడున్నాయని అప్పుడు బయటపడింది. పాలలో వైరస్ విపరీతంగా ఉంది, పాలు పితికే మెషిన్ కప్పులు ఒక ఆవు నుంచి తీసి కడగకుండా ఇంకో ఆవుకి తగిలిస్తారు కదా, అదే దారి. ఆవుల్ని లారీలెక్కించి రాష్ట్రాలు దాటించారు, దాంతో కొత్త రాష్ట్రాల్లో దిగింది, 2025 నాటికి వెయ్యికి పైగా మందల్లో కనిపించింది. అక్కడి మనుషుల్లో 70 దాకా కేసులు, ఎక్కువగా పాలు పితికేవాళ్ళు, కోళ్ళని చంపే పనిలో ఉన్నవాళ్ళు, చాలామందికి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారడమే, పాలు చింది కంట్లో పడటం వల్లనో, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకోవడం వల్లనో. 2025 జనవరిలో లూసియానాలో ఒకరు చనిపోయారు, వారికి వచ్చింది ఆవుల నుంచి కాదు, పెరటి కోళ్ళు, అడవి పక్షుల నుంచి. మన గేదెల్లో ఇలా వచ్చిందన్న మాట నేను వినలేదు, చేత్తో పితకడం మనకి ఎక్కువ, అయినా ఒక గేదెని పితికి చేతులు కడక్కుండా ఇంకోదాని దగ్గర కూర్చోవడం పొదుగువాపు విషయంలోనే తప్పు, ఇప్పుడు ఇంకో కారణం దొరికింది అంతే. పాలు కాచితే వైరస్ చచ్చిపోతుంది, మనం ఎలాగూ కాచుకునే తాగుతాం. పచ్చిపాలు ఆరోగ్యమని ఈమధ్య కొందరు పిల్లలకి పట్టడం చూస్తున్నాను, అది మాత్రం దయచేసి చేయకండి.

పిల్లుల సంగతి అక్కడ్నుంచే వస్తుంది. ఆ డెయిరీల్లో మొదట అనుమానం కలిగించింది పిల్లులు, పచ్చిపాలు తాగిన పిల్లులు తూలుతూ, గుడ్డివై రోజుల్లో చచ్చిపోయాయి. పిల్లి జాతికి ఇది చాలా తేలిగ్గా ఎక్కుతుంది. 2004 అక్టోబర్‌లో థాయ్‌లాండ్‌లో ఒక పెద్ద టైగర్ జూలో పచ్చి కోడి కళేబరాలు మేపితే 147 పులులు చావడమో, చంపేయాల్సి రావడమో జరిగింది, అక్కడ ఒక పులి నుంచి ఇంకో పులికి కూడా అంటినట్టు కనిపించింది. మన నాగపూర్ గోరేవాడ జంతు సంరక్షణ కేంద్రంలో 2024 చివర్లో మూడు పులులు, ఒక చిరుత పోయాయి, భోపాల్ ల్యాబ్‌లో హెచ్5ఎన్1 అని తేలింది. 2025 మొదట్లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో ఇంటి పిల్లుల్లో కూడా దొరికింది. కాబట్టి మీ పిల్లికి కోడి పేగులు, తలకాయ పచ్చివి విసరకండి, ఉడికించి పెట్టండి. అది పక్కింటి చచ్చిన కోడిని నోట కరుచుకుని తెచ్చి మంచం కింద పెట్టుకునే జీవి, తర్వాత మీ బాబు ఒళ్ళో పడుకునే జీవి, ఈ రెండూ ఒకటే పిల్లి కదా.

స్పెయిన్‌లో 2022లో బొచ్చు కోసం పెంచే మింక్ అనే ముంగిస లాంటి జంతువుల ఫారంలో పాకింది, యాభై వేలకి పైగా జంతువుల్ని చంపారు. 2023లో అర్జెంటీనా తీరంలో ఏనుగు సీల్ పిల్లలు వేలల్లో పోయాయి. ఇవి దూరం సంగతులు, వివరంగా వెళ్ళను, కానీ కిక్కిరిసిన చోట క్షీరదాల మధ్య, అంటే పిల్లల్ని కని పాలిచ్చే జంతువుల మధ్య, ఇది పాకగలదని మాకు తెలిసొచ్చింది వీటి వల్లనే.

ఇక మనుషుల దగ్గరికి వస్తాను, నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే. 2006లో అజర్‌బైజాన్‌లో కొన్ని కేసులొచ్చాయి, ఎక్కువగా వయసు ఆడపిల్లలు, ఏమిటా అని ఆరా తీస్తే చచ్చిపడిన అడవి హంసల ఈకలు దిండ్లకోసం పీకారు, ఆ పని ఆ ఇళ్ళల్లో ఆడపిల్లలది. కంబోడియాలో 2023 నుంచి మళ్ళీ మళ్ళీ వస్తున్న కేసుల్లో దాదాపు ప్రతిసారీ అదే కథ, పెరట్లో కోళ్ళు జబ్బుపడ్డాయి, చావకముందే కోసి వండుకున్నారు, కోసినవాళ్ళకో పక్కన ఆడుకున్న పిల్లలకో వచ్చింది. మన పల్నాడు జిల్లాలో 2025 మార్చిలో రెండేళ్ళ పాప చనిపోయింది, చికెన్ కోస్తున్నప్పుడు పచ్చి ముక్క తిన్నదని అప్పట్లో వార్తల్లో వచ్చింది, అదే ఇంట్లో వండినది తిన్న పెద్దవాళ్ళకి ఏమీ కాలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్రపట్టలేదండి, ఎందుకంటే ఆ సీను నేను వంద ఇళ్ళల్లో చూశాను.

ఒక ఇల్లు గుర్తొస్తుంది. నేను వెళ్ళేసరికి పెద్దావిడ గంప పక్కన పీట వేసుక్కూర్చుంది, ముందు అల్యూమినియం బకెట్లో ఉడుకునీళ్ళు, పెట్టని ముంచి తీసి ఈకలు పీకుతోంది. తడి ఈకలు మోచేతి దాకా అంటుకుని ఉన్నాయి, ఆవిరి నేరుగా మొహానికి కొడుతోంది, మధ్యమధ్యలో ముంజేత్తో నుదురు తుడుచుకుంటోంది. పక్కనే మనవడు ఈకలు ఊదుతూ ఆడుకుంటున్నాడు. గంప కింద ఇంకో రెండు పెట్టలు కళ్ళు మూసి కూర్చున్నాయి, తురాయి నల్లబడి నీలం తిరిగింది, కాళ్ళ మీద ఎర్ర మచ్చలు, ముక్కు వెంట చొంగ. కొక్కెర తెగులేలే బాబూ, ఏటా వచ్చేదే, చచ్చిపోతే దండగ కదా అని కోశాను అంది. ఆవిడ తప్పేమీ లేదు, మూడొందల కోడి పారేసుకోగల ఇల్లు కాదది. ఆ రోజు అది కొక్కెర తెగులే, అంటే రానిఖేత్ అని కోళ్ళకి వచ్చే వేరే వైరస్ జబ్బే అయింది. కానీ పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి, ల్యాబ్ చెప్తే తప్ప నేను కూడా కంటితో చూసి గట్టిగా చెప్పలేను. ఆ ఉడుకునీళ్ళ ఆవిరి, పేగులు లాగేటప్పుడు చిందే తుంపర, ఆ కత్తిపీట మీదే తర్వాత కోసే ఉల్లిపాయ, అక్కడండి దారి. 70 డిగ్రీలు లోపలిదాకా ఉడికిన కూరలో వైరస్ ఉండదు, మన వంట అంతకంటే చాలా ఎక్కువే ఉడుకుతుంది.

సంక్రాంతి పుంజుల గురించి కూడా చెప్పాలి, మన ప్రాంతం కాబట్టి. పుంజుని ఒళ్ళో పెట్టుకుని నిద్రపుచ్చేవాళ్ళున్నారు, బరిలో నోటినిండా నీళ్ళు తీసుకుని దాని మొహం మీద ఊదుతారు, గాయమైతే దగ్గరగా పట్టుకుని కుట్లు వేస్తారు. థాయ్‌లాండ్‌లో పుంజు గొంతులో చేరిన రక్తం, కఫం నోటితో పీల్చి తీసే అలవాటు ఉండేది, 2004లో అక్కడ పందెంకోళ్ళు పెంచేవాళ్ళు కూడా ఈ జబ్బుతో చనిపోయారు. పైగా సరిగ్గా చలికాలం, వలస పక్షులున్న నెల, పది జిల్లాల పుంజులు ఒక తోటలో కలుస్తాయి, ఓడిపోయినదాన్ని ఒకరు గెలిచినదాన్ని ఒకరు బండి మీద వేసుకుని తలో ఊరికి పోతారు. చట్టం సంగతి వేరే, నేను జబ్బు వైపు నుంచి మాత్రమే మాట్లాడుతున్నాను.

బాతుల మంద విషయం. థాయ్‌లాండ్‌లో 2004లో వచ్చినదాన్ని మ్యాప్ మీద పెట్టి చూస్తే పెద్ద కోళ్ళఫారాలున్న చోట్ల కంటే వరి ఎక్కువసార్లు పండి, తిరుగుడు బాతులు ఎక్కువ మేసే చోట్లతో సరిపోయింది. మన డెల్టాకి అచ్చం ఆ పోలికే. బాతు కోళ్ళలా టపటపా పడిపోదు, చాలాసార్లు మామూలుగా మేస్తూనే నీళ్ళలోకి వైరస్ వదులుతుంది, చేలో చెరువులో అడవి బాతులతో కలిసి మేస్తుంది, సాయంత్రం ఊరి కోళ్ళ పక్కన పడుకుంటుంది. ఆ బాతులవాళ్ళు పేదవాళ్ళు, వాళ్ళని ఊళ్ళోంచి తరిమితే ఇంకో ఊరికి పోతారు తప్ప ఏం ఒరగదు. మీ చేలో మేయనివ్వండి, గింజలు ఏరుకుంటాయి, రెట్ట ఎరువు, కానీ మంద పడుకునే చోటు మీ కోళ్ళగూడుకి దూరంగా పెట్టమనండి, మంద ఉన్నన్నాళ్ళు కోళ్ళని పెరట్లోనే కట్టడి చేయండి, ఆ బోదె నీళ్ళు కోళ్ళకి పెట్టకుండా బోరునీళ్ళు పెట్టండి.

అన్నిటికంటే పెద్ద రిస్క్ ఏమిటంటే నేను చెప్పేది దాచిపెట్టడం. ఒక లేయర్ ఫారంకి పిలిస్తే వెళ్ళాను, అప్పటికి నాలుగు రోజులుగా చస్తున్నాయి, మొదటిరోజు పదుల్లో, నాలుగోరోజు వేలల్లో. ఈలోపు గుడ్ల ట్రేలు లారీలెక్కి వెళ్ళిపోయాయి, కొన్ని బతికున్న కోళ్ళు సగం రేటుకి అమ్ముడుపోయాయి, చచ్చినవి కొన్ని రాత్రిపూట కాలవలో తేలాయి, కొన్ని చేపల చెరువుకి మేతగా పోయాయి. ఎందుకు చెప్పలేదయ్యా అంటే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అంతకు ముందు ఆయన బంధువు ఫారంలో కోళ్ళని చంపి పూడ్చారు, పరిహారం కోసం ఆయన ఒక ఆఫీసు చుట్టూ ఏడాదిన్నర తిరిగాడు. ఆ ఆఫీసు పేరు నేను రాయను గానీ, పరిహారం ఆ వారంలోనే చేతికొచ్చి ఉంటే ఈయన మొదటిరోజే ఫోన్ చేసేవాడు. నియమం ప్రకారం జబ్బు తేలిన చోటు నుంచి ఒక కిలోమీటరు లోపల కోళ్ళన్నీ తీసేయాలి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి, 2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో దేశంలో మొదటిసారి వచ్చినప్పటి నుంచీ పద్ధతి ఇలాంటిదే, పనిచేస్తుంది కూడా, కానీ నాలుగు రోజులు ఆలస్యమైతే వైరస్ అప్పటికే పది కిలోమీటర్లు దాటేసి ఉంటుంది. రైతుకి డబ్బు ఆలస్యం చేయడం కూడా జబ్బు పాకడానికి ఒక కారణం అని ఎన్ని మీటింగుల్లో చెప్పానో.

ఇప్పుడు మీ ఇంటికి. కోళ్ళగూడు గేదెల పాకలోంచి విడదీయండి, దాణా తొట్టి మీద కాకులు, పిచ్చుకలు వాలకుండా కప్పండి, గూట్లోకి వెళ్ళే చెప్పులు వేరే పెట్టుకుని గుమ్మం దగ్గరే వదిలేయండి, రెట్ట ఎత్తేటప్పుడు కాస్త నీళ్ళు చల్లి ఎత్తండి, పొడిగా ఊడిస్తే దుమ్ము ముక్కులోకి పోతుంది. కొత్త కోడి సంత నుంచి తెస్తే రెండు వారాలు విడిగా గంప కింద ఉంచండి. కొక్కెర తెగులు టీకా వేయించండి, అప్పుడు కోళ్ళు ఒక్కసారిగా చస్తే ఇది అది కాదేమో అన్న అనుమానం తొందరగా వస్తుంది. కోడిని కోసేటప్పుడు బాబుని ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి, ఈ ఒక్కటి మీ అత్తగారికి ఎలాగైనా నచ్చజెప్పండి, నేను చెప్పానని చెప్పండి. షాపులో డ్రెస్సింగ్ చేయించి తెచ్చిన చికెన్ అయినా సింకులో కుళాయి కింద ధారగా పెట్టి కడగొద్దు, గిన్నెలో నీళ్ళు పోసి మెల్లగా కడిగి ఆ నీళ్ళు పారబోయండి, తర్వాత చేతులు, పీట సబ్బుతో.

ఒకే రోజు రెండు మూడు కోళ్ళు కారణం లేకుండా పడిపోతే కోయొద్దు, పారేయొద్దు, పక్కింటికి ఇవ్వొద్దు. చేతికి కవర్ తొడుక్కుని, మొహానికి గుడ్డ కట్టుకుని, చచ్చినవాటిని సంచిలో వేసి మూతి కట్టి కుక్క, పిల్లి లాగకుండా నీడలో ఉంచి, 1962కి ఫోన్ చేయండి లేదా మీ ఊరి పశువుల ఆస్పత్రికి కబురు పెట్టండి, శాంపిల్ వాళ్ళు తీస్తారు. వాళ్ళు పూడ్చమంటే లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి, చెరువు గట్టున కాదు. ఆ తర్వాత పది రోజుల లోపు ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రబడటం వస్తే డాక్టర్ అడక్కముందే మీరే చెప్పండి, మా ఇంట్లో కోళ్ళు చచ్చిపోయాయి, నేనే ముట్టుకున్నాను అని. ఆ ఒక్క మాట లేకపోతే ఆయన మామూలు వైరల్ అనుకుని పారాసిట్మాల్ రాసి పంపేస్తాడు, ఆ మాట ఉంటే గొంతు శాంపిల్ తీయిస్తాడు, ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదలుపెడతాడు, మొదటి రెండు రోజుల్లో పడితే అది బాగా పనిచేస్తుంది.

మీ గేదెల పాలు తగ్గి చిక్కబడితే కూడా ముందు పొదుగువాపే అనుకుని చూపించండి, అయితే అదే వారంలో కోళ్ళు కూడా చచ్చి ఉంటే ఆ సంగతి వచ్చిన పశువుల డాక్టర్‌కి కలిపి చెప్పండి, రెండూ వేరే వేరే మనుషులకి వేరే వేరే రోజుల్లో చెప్తే ఎవరూ కలిపి చూడరు. మీ అత్తగారికి చదివి వినిపించాక ఆవిడకేమైనా సందేహం వస్తే ఇక్కడే అడగమనండి, నేను రోజూ సాయంత్రం చూస్తాను.